ముందు చక్రం టకటకమంటోందా? పాత కారు డ్రైవ్ షాఫ్ట్ బాగుచేయడం, మార్చడం

స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి మెల్లగా యాక్సిలరేటర్ తొక్కితే ముందు చక్రం దగ్గర టక్ టక్ టక్ మని చప్పుడు. తిన్నగా పోతుంటే మాయం. పాత ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు నడిపేవాళ్ళకి ఇది ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే "యాక్సిల్ పోయింది, మొత్తం మార్చేయాలి" అనే మాట నిమిషంలో వస్తుంది. నిజంగా పోయిందా, పోతే ఏ చివర పోయింది అని విప్పి చూసేంత ఓపిక మాత్రం అందరికీ ఉండదు.

నేను చూసినంతలో యాక్సిల్ తనంతట తాను పాడవడం తక్కువ. ముందు చిరిగేది దాని మీదున్న రబ్బరు బూటు, అంటే జాయింటుని కప్పే మడతల తొడుగు. చిరుగులోంచి గ్రీజు బయటికి, దుమ్మూ నీళ్ళూ లోపలికి. ఆ తర్వాతే జాయింటు అరుగుతుంది. అందుకే ఈ పనిలో మొదటి ప్రశ్న "కొత్తది ఎక్కడ దొరుకుతుంది" కాదు, "బూటు చిరిగి ఎన్నాళ్ళయింది".

లోపల ఏముంది

డ్రైవ్ షాఫ్ట్ అన్నా, యాక్సిల్ అన్నా, సీవీ (వేగంలో తేడా రాకుండా తిప్పే) యాక్సిల్ అన్నా వస్తువు ఒకటే. గేర్ బాక్స్ నుంచి చక్రానికి శక్తిని మోసే ఉక్కు కడ్డీ. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. ప్రతి కడ్డీకీ రెండు చివర్లా రెండు జాయింట్లు.

చక్రం వైపున్న జాయింటుది కష్టమైన ఉద్యోగం. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా బాగా వంగాలి, వంగి కూడా వేగంలో తేడా రాకుండా తిరగాలి. లోపలొక ముద్ద, బయటొక గిన్నె, రెంటి మధ్య గాడుల్లో ఆరు ఉక్కు బాల్స్, వాటిని ఒకే వరసలో నిలబెట్టే కేజ్. ఈ అమరికని ఆల్‌ఫ్రెడ్ షెప్పా అనే ఇంజనీరు 1920లలో రూపొందించాడు. 1959లో వచ్చిన మినీ కారులో ముందు చక్రాలకి ఈ జాయింట్లే వాడారు. ఇవాళ్టికీ చాలా కార్లలో బయటి జాయింటు ఆ పద్ధతిదే.

గేర్ బాక్స్ వైపు జాయింటు అంత వంగదు. దాని పని వేరు. గుంతల్లో చక్రం పైకీ కిందికీ ఆడుతుంటే షాఫ్ట్ పొడవు కొంచెం తగ్గుతూ పెరుగుతూ ఉండాలి, ఆ సర్దుబాటు ఇక్కడ జరుగుతుంది. చాలా కార్లలో ఇది మూడు రోలర్ల ట్రైపాడ్. రోలర్లు గిన్నెలోని గాడుల్లో ముందుకీ వెనక్కీ జారుతుంటాయి. ఈ జారుడు సంగతి గుర్తుంచుకోండి, విప్పేటప్పుడు దీంతోనే తంటా వస్తుంది.

చప్పుడు ఎక్కడిదో ముందు తేల్చుకోండి

ఖాళీ మైదానం చూసుకుని స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నడక వేగంతో గుండ్రంగా తిరగండి. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, తర్వాత రివర్సులో కూడా. చక్రం తిరిగే లయలో టకటక వచ్చి, యాక్సిలరేటర్ తొక్కితే గట్టిపడితే అది బయటి జాయింటే. మామూలుగా మలుపులో బయటి వైపున్న చక్రం గోల పెడుతుంది, అంటే ఎడమకి తిప్పితే కుడిది. కానీ చప్పుడు బాడీ గుండా పాకి మోసం చేస్తుంది కాబట్టి చేత్తో చూసుకోకుండా తీర్పు ఇవ్వొద్దు.

తిన్నగా పోతూ స్పీడు అందుకుంటున్నప్పుడు కారు ముందు భాగం పక్కలకి వణికి, కాలు తీయగానే ఆగిపోతే అనుమానం లోపలి ట్రైపాడ్ మీద. రోలర్లు నడిచే గాడుల్లో గుంటలు పడితే ఇలా అవుతుంది. గేరు వేసి క్లచ్ వదలగానే, లేదా ఫార్వర్డ్ నుంచి రివర్సుకి మారగానే ఒక్కసారి "ఠంగ్" మంటే లోపలి జాయింటు కావచ్చు, ఇంజన్ మౌంటింగ్ (ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) కూడా కావచ్చు. మౌంటింగ్ చూడడం తేలిక, ముందు అదే చూడండి.

వేగంతో పాటు పెరిగే హూంకారం మాత్రం యాక్సిల్‌ది కాదు, వీల్ బేరింగ్‌ది. హబ్ నట్ (షాఫ్ట్ కొసని చక్రం మధ్యలో పట్టి ఉంచే పెద్ద నట్) వదులైనా సరిగ్గా యాక్సిల్ చప్పుడే వస్తుంది. ఒకసారి రెండు రోజులు షాఫ్ట్ మీద అనుమానపడి, చివరికి నట్ బిగిస్తే చప్పుడు పోయింది. అప్పటినుంచి మొదట నట్ చూడందే ఇంకేదీ ముట్టుకోను.

ఇక చేతి పరీక్ష. కారు ముందు భాగం లేపి స్టాండ్ల మీద పెట్టి, న్యూట్రల్‌లో ఉంచండి. బూట్ల మడతలు వేళ్ళతో విప్పి విప్పి చూడండి. చిరుగు మడత లోయలో దాక్కుంటుంది, పైనుంచి కనబడదు. రిమ్ము లోపలి వైపు, స్ట్రట్ (చక్రం పైనుండే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉన్న గొట్టం) కింది భాగాన నల్లటి గ్రీజు చిమ్మిన మరక ఉంటే బూటు చిరిగినట్టే. తర్వాత ఒక చేత్తో చక్రం కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో షాఫ్ట్‌ని అటూ ఇటూ మెలితిప్పండి. బయటి జాయింటులో ఆ ఆట స్పష్టంగా తెలుస్తుంటే అరిగినట్టే. షాఫ్ట్ లోపలికీ బయటికీ కొద్దిగా జరగడం మాత్రం లోపం కాదు, ట్రైపాడ్ పనే అది.

బాగుచేయాలా, మార్చాలా

చప్పుడు లేదు, బూటు మాత్రమే చిరిగింది, లోపలి గ్రీజు వేలికి ఇంకా మెత్తగా ఉంది అంటే కొత్త బూటు, కొత్త గ్రీజు చాలు. చాలామంది ఇక్కడే తొందరపడి కారుతో పాటు వచ్చిన అసలు షాఫ్ట్ పారేసి, చవక కొత్తది వేయించుకుంటారు. అసలు షాఫ్ట్‌లో ఉన్న ఉక్కు, గాడుల నునుపు చవక రకంలో ఉంటాయన్న నమ్మకం లేదు. కొత్తది వేసిన నెలకే వణుకు మొదలైన కార్లు చూశాను.

టకటక మొదలైపోతే గ్రీజు నింపి లాభం లేదు. గుంట పడ్డ ఉక్కుని ఏ గ్రీజూ పూడ్చదు, నాలుగు రోజులు చప్పుడు మెత్తబడుతుంది అంతే. అప్పుడు బయటి జాయింటు ఒక్కటే విడిగా దొరికితే అది మార్చండి, దొరక్కపోతే పూర్తి షాఫ్ట్. పాత కారుకి కంపెనీ షాఫ్ట్ దొరకనప్పుడు బాగుచేసి అమ్మే రీకండిషన్డ్ షాఫ్టులు కూడా ఉంటాయి. కొనే ముందు ఆ జాయింట్లు కొత్తవా, లేక పాతవాటికే రంగేసి బూట్లు తొడిగారా అని గట్టిగా అడగండి.

అతికించుకునే చీలిక బూట్ల గురించి ఒక మాట. షాఫ్ట్ విప్పకుండానే చుట్టి జిగురుతో అతికిస్తారు. దూరప్రయాణంలో ఇల్లు చేరడానికి సరే. దాన్ని రిపేరు అనుకోవద్దు.

సామాను

జాకీ, రెండు స్టాండ్లు, వెనక చక్రాలకి అడ్డుగా చెక్క దిమ్మలు. హబ్ నట్‌కి సరిపోయే సాకెట్ (30, 32, 36 మిల్లీమీటర్లవి ఎక్కువగా కనబడతాయి, మీ కారుది కొలుచుకోండి), పొడవాటి గట్టి రాడ్డు, టార్క్ రెంచ్. టైర్ లివర్ ఒకటి, సుత్తులు రెండు, సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) విప్పే ప్లయర్, నూనె పట్టడానికి వెడల్పాటి తొట్టి. కొనాల్సినవి: కొత్త హబ్ నట్, స్ప్లిట్ పిన్నులు, గేర్ బాక్స్ ఆయిల్ సీల్, సరైన రకం గేర్ ఆయిల్, బూటు కిట్ లేదా షాఫ్ట్. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించుకోండి, టార్క్ అంకెలన్నీ అందులోంచే తీసుకోవాలి.

పాత కారైతే ముందురోజు రాత్రే బాల్ జాయింట్ (చక్రం అడుగున కింది ఆర్మ్‌కి కలిపే కీలు) బోల్టు, స్ట్రట్ బోల్టులు, హబ్ నట్ చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. మర్నాడు ఆ తేడా మీ భుజానికి తెలుస్తుంది.

విప్పడం

చదునైన గట్టి నేల మీద కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి దిమ్మలు పెట్టండి. వీల్ క్యాప్ తీసి, హబ్ నట్‌లో స్ప్లిట్ పిన్ను ఉంటే లాగేయండి. పిన్ను బదులు నట్ అంచుని గాడిలోకి నొక్కిన రకమైతే, ఆ నొక్కుని సన్నటి ఉలితో పైకి లేపండి. లేపకుండా బలవంతంగా తిప్పితే షాఫ్ట్ మరలు చెడతాయి. చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, మీరు పొడవు రాడ్డుతో నట్‌ని కదిలించండి. కదిలితే చాలు, పూర్తిగా వదులు చేయొద్దు. నట్ వదులుగా ఉన్న చక్రం మీద బరువు వేసి కారు దొర్లిస్తే బేరింగ్ దెబ్బతింటుంది. నేల మీద కదిలించడం కూడా వద్దని మీ మాన్యువల్ చెబితే చక్రం గాల్లో ఉంచి, బ్రేకు తొక్కించి విప్పండి.

వీల్ నట్లు వదులు చేసి, కారు లేపి, స్టాండ్ల మీద దించి, ఒకసారి చేత్తో ఊపి చూడండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి తల పెట్టొద్దు. ఇందులో మినహాయింపు లేదు.

చక్రం తీశాక గేర్ ఆయిల్ సంగతి. డ్రెయిన్ ప్లగ్ విప్పే ముందు నింపే ప్లగ్ విప్పి చూడండి. ఆయిలంతా కింద పోసేశాక పై ప్లగ్ పట్టేసి రాకపోతే కారు అక్కడే కూర్చుంటుంది. అది వస్తుందని తేలాకే కింది ప్లగ్ జోలికి వెళ్ళండి.

స్ట్రట్‌కి బిగించిన బ్రేకు పైపు బ్రాకెట్, ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ వైరు ఉంటే అదీ విడదీయండి. కాలిపర్ విప్పాల్సి వస్తే దాన్ని తీగతో స్ప్రింగుకి వేలాడదీయండి, రబ్బరు పైపుకి వేలాడనివ్వొద్దు.

ఇప్పుడు నకిల్ (హబ్‌ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే లోహపు భాగం) పక్కకి తిరిగేలా ఒక చోట వదిలించాలి. రెండు దారులున్నాయి. స్ట్రట్‌ని నకిల్‌కి కలిపే రెండు బోల్టులు విప్పడం తేలికే కానీ చాలా కార్లలో చక్రం వాలు సర్దేది అక్కడే, తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి. నేను లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ విప్పడానికే ఓటేస్తాను. నట్ విప్పి, ఆర్మ్‌ని కిందికి నొక్కి పట్టి, బాల్ జాయింట్ కూర్చున్న కన్ను పక్కన సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేయండి. అవతలి పక్క ఇంకో సుత్తి ఆనిస్తే ఇంకా త్వరగా ఊడుతుంది. దెబ్బ కన్ను మీద పడాలి, మర మీద కాదు. పించ్ బోల్టు (చీలికని దగ్గరికి నొక్కి పట్టే బోల్టు) రకమైతే బోల్టు పూర్తిగా లాగేసి, చీలికలో ఉలి పెట్టి కొంచెం వెడల్పు చేస్తే చాలు. రెండు కొమ్ముల ఫోర్కు వాడితే బాల్ జాయింట్ రబ్బరు చిరుగుతుంది, ఆ జాయింట్ ఎలాగూ మారుస్తుంటే తప్ప దాన్ని తీయొద్దు.

హబ్ నట్‌ని షాఫ్ట్ కొసకి సమంగా వచ్చేదాకా వెనక్కి తిప్పి, మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో తట్టండి. స్ప్లైన్లు (షాఫ్ట్ కొస మీది పొడవాటి పళ్ళు) కదిలాక నట్ తీసేసి, నకిల్‌ని బయటికి లాగుతూ షాఫ్ట్‌ని హబ్‌లోంచి వెనక్కి తోయండి. తుప్పుతో అతుక్కుంటే పుల్లర్ పెట్టండి. కోపంతో సుత్తి ఎత్తితే షాఫ్ట్ కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, తర్వాత నట్ ఎక్కదు.

ఇక గేర్ బాక్స్ వైపు. మొదటిసారి ఈ పని చేసినప్పుడు షాఫ్ట్ కడ్డీని రెండు చేతులతో పట్టుకుని బలంగా లాగాను. చాలా సులువుగా వచ్చేసిందని సంతోషపడేలోపే చూస్తే చేతిలో కడ్డీ, గిన్నె గేర్ బాక్స్‌లోనే. ట్రైపాడ్ జారి ఊడి, చిరిగిన బూటులోంచి ఒక రోలర్ జారి నల్లటి గ్రీజుతో సహా తొట్టిలో పడింది. సన్నటి నీడిల్ రోలర్లు ఆయిల్లో మునిగిపోయాయి. వాటిని వేళ్ళతో దేవుకుంటూ ఒక సాయంత్రం గడిచింది. కాబట్టి కడ్డీని లాగొద్దు. టైర్ లివర్ కొసని లోపలి జాయింటు గిన్నెకీ గేర్ బాక్స్ గోడకీ మధ్య పెట్టి, ఒక్క ఉదుటున తన్నినట్టు ఎత్తండి. లోపలున్న సర్‌క్లిప్ వదిలి గిన్నె బయటికి వస్తుంది. లివర్ సీల్ మీద ఆనకుండా చూసుకోండి. కొన్ని కార్లలో లోపలి జాయింటు ఫ్లాంజికి (బోల్టులు పట్టే గుండ్రటి పళ్ళెంలాంటి భాగానికి) బోల్టులతో ఉంటుంది, అక్కడ లివర్ అక్కర్లేదు. కానీ ఆ బోల్టు తలల గాడుల్లో మట్టి పూర్తిగా గోకి, సరైన బిట్ లోపలికంటా దిగిందని చూసి విప్పండి, లేకపోతే తల గుండ్రమైపోతుంది.

రెండు పక్కలా పని ఉంటే ఒకటి పూర్తి చేశాకే రెండోదానికి వెళ్ళండి. కొన్ని గేర్ బాక్సుల్లో రెండు షాఫ్టులూ ఒకేసారి తీస్తే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తిని పంచే గేర్ల అమరిక) లోపలి గేర్లు పక్కకి జారతాయి.

బూటు మాత్రమే మారుస్తుంటే

షాఫ్ట్‌ని వైస్‌లో చెక్క ముక్కల మధ్య బిగించండి. పాత క్లిప్పులు, బూటు కోసేయండి. గ్రీజు తుడిచి, జాయింటు, షాఫ్ట్ ఒకదానికొకటి ఎలా ఉన్నాయో పెయింటుతో గీత పెట్టండి. చాలా బయటి జాయింట్లని లోపలి ముద్ద మీద ఇత్తడి కడ్డీ ఆనించి గట్టిగా కొడితే సర్‌క్లిప్ దాటి వచ్చేస్తాయి. కొన్నిటికి సర్‌క్లిప్‌ని ప్లయర్‌తో విప్పాలి.

కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెలుతురులో చూడండి. గాడిలో బాల్ నడిచిన దారి మెరుస్తూ ఉంటే ఫరవాలేదు. గోరు పెట్టి జరిపితే ఎక్కడైనా తగిలితే, బాల్స్ మీద పొక్కులుంటే, కేజ్ కిటికీల్లో బాల్ వదులుగా ఆడితే ఆ జాయింటు పని అయిపోయింది. తుప్పు మరక కనబడినా అంతే.

బాగుంటే తిరిగి కట్టడం. ముందు చిన్న క్లిప్పు, తర్వాత బూటు షాఫ్ట్ మీద ఎక్కించాలి, ఆ తర్వాతే జాయింటు. జాయింటు బిగించేశాక బెంచి మీద నవ్వుతూ కూర్చున్న బూటు చూసి తల పట్టుకోని మెకానిక్ ఉండడు. స్ప్లైన్ల మీద టేపు చుడితే బూటు లోపలి అంచు తెగదు. సర్‌క్లిప్ కొత్తది వేయండి.

గ్రీజు విషయంలో రాజీ వద్దు. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్న నల్లటి సీవీ గ్రీజు వాడాలి, బేరింగులకి పూసే మామూలు గ్రీజు కాదు. ట్రైపాడ్‌కి వేరే రకం గ్రీజు చెప్పి ఉంటే అదే వాడండి. కిట్‌లో వచ్చిన ప్యాకెట్ కొలత ప్రకారమే ఇస్తారు. సగం పైగా జాయింటు లోపలికి బొటనవేలితో కుక్కి, మిగతాది బూటులో వేయండి. పెద్ద క్లిప్పు బిగించాక చిన్న చివర కింద మొద్దు స్క్రూడ్రైవర్ దూర్చి లోపలి గాలి వదలండి, బూటు ఉబ్బకుండా, లోపలికి పీక్కోకుండా మామూలు ఆకారంలో కూర్చుంటుంది. లోపలి బూటుకైతే మాన్యువల్‌లో చెప్పిన పొడవు దగ్గర జాయింటు ఆపి బిగించాలి. ప్లాస్టిక్ జిప్ టైలు ఇక్కడ పనికిరావు.

బిగించడం

కొత్త షాఫ్ట్ అయితే పాతదాని పక్కన నేల మీద పడుకోబెట్టి పోల్చండి. పొడవు, రెండు చివర్ల స్ప్లైన్ల లెక్క, సీల్ కూర్చునే చోట మందం, ఏబీఎస్ పళ్ళ రింగు. ఏది తేడా ఉన్నా వెనక్కి ఇచ్చేయండి.

షాఫ్ట్ బయట ఉండగానే ఆయిల్ సీల్ మార్చేయండి. పాతది ఎంత లోతులో ఉందో చూసుకుని, కొత్తదాన్ని వంకర లేకుండా అంతే లోతుకి కొట్టి, పెదవికి గేర్ ఆయిల్ రాయండి. షాఫ్ట్ కొసకి కొత్త సర్‌క్లిప్ తొడిగి, దాని చీలిక కిందికి ఉండేలా తిప్పండి. గిన్నెని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, స్ప్లైన్లు సీల్ పెదవిని గీరకుండా తిన్నగా లోపలికి పెట్టండి. స్ప్లైన్లు కలిశాక ఒక్క తోపు. లోపల "టక్" మని వినబడాలి, చేతికి కూడా తెలుస్తుంది. గిన్నెని పట్టుకుని మెల్లగా లాగి చూడండి, రాకూడదు. ఈ టక్ వినబడకుండా ముందుకు వెళ్తే సగం దిగిన షాఫ్ట్‌తో రోడ్డెక్కుతారు.

బయటి కొస స్ప్లైన్లు శుభ్రం చేసి, సన్నగా గ్రీజు రాసి హబ్‌లోకి తోయండి. నకిల్, బాల్ జాయింట్ మళ్ళీ కలిపి, కొత్త పిన్ను పెట్టండి. విప్పిన బ్రాకెట్లన్నీ తిరిగి బిగించండి. కొత్త హబ్ నట్ చేత్తో ఎక్కించి, బ్రేకు తొక్కించి, కారు కింద పెట్టకముందే టార్క్ రెంచ్‌తో చెప్పిన అంకెకి తేండి. చాలా కార్లకి ఇది 180 నుంచి 300 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఇంత తేడా ఉన్నప్పుడు అందాజుగా బిగించడం కుదరదు. ఇంపాక్ట్ గన్‌తో ఆఖరి బిగింపు చేయొద్దు, ఎంత బిగిసిందో దానికీ తెలియదు. తర్వాత నట్ అంచుని గాడిలోకి నొక్కడమో, స్ప్లిట్ పిన్ను వేయడమో.

గేర్ ఆయిల్, ట్రయల్

కారు నాలుగు పక్కలా సమంగా ఉన్నప్పుడు, నింపే రంధ్రం కింది అంచు దాకా ఆయిల్ పోయాలి. ఆటోమేటిక్ గేర్ బాక్స్‌కి దాని పద్ధతి, దాని ఆయిల్ వేరు. చక్రం బిగించి, కారు దించి, వీల్ నట్లు కూడా టార్క్ చేయండి.

మళ్ళీ అదే మైదానం, అవే గుండ్రాలు. టకటక అలాగే ఉంటే తప్పు పక్క మార్చారు, లేదా అది బేరింగ్. కొత్తగా వణుకు వస్తే షాఫ్ట్ పూర్తిగా కూర్చోలేదేమో చూడండి, కూర్చుంటే నాసిరకం షాఫ్టే కారణం కావచ్చు. ఏబీఎస్ లైటు వెలిగితే సెన్సార్ వైరు మళ్ళీ పెట్టడం మరిచారేమో చూసుకోండి. స్ట్రట్ బోల్టులు విప్పి ఉంటే అలైన్‌మెంట్‌కి ఆ వారంలోనే వెళ్ళండి.

మర్నాడు ఉదయం బండి తీయకముందు గేర్ బాక్స్ కింద అట్టముక్క పరిచి చూడండి. ఒక్క చుక్క కూడా లేకపోతే సీల్ సరిగ్గా కూర్చుంది. రెండు వారాల తర్వాత టార్చ్ వేసి రిమ్ము లోపలి వైపు చూడండి. అక్కడ గ్రీజు మరక ఉందంటే క్లిప్పు వదులైందన్నమాట, ఇంకా చప్పుడు రాకముందే దొరికింది కాబట్టి ఈసారి క్లిప్పు మార్చి, కారిన గ్రీజు నింపితే సరిపోతుంది.